మైనపు దిమ్మ

ఇది రాయమని పోరు పెట్టింది నా బిడ్డ శిరీష. "మనుషులతోని సక్కగ మాట్లాడ్తలేవు బాపూ, కాయితంతోనన్న మాట్లాడు" అంది. హన్మకొండలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతుంది కాబట్టి తప్పులు దిద్దే పని తనే పెట్టుకుంది. తప్పులు దిద్దుకో గానీ నా కోపాన్ని మాత్రం దిద్దవద్దని ముందే చెప్పాను.

నా పేరు సదానందం. వరంగల్ కొత్తవాడలో మాది నేత కుటుంబం. మా నాన్న జంపఖానాలు నేసేవాడు. నాకు మగ్గం ముందు కూర్చునే ఓపిక లేక, పదో తరగతి కాగానే సిమెంటు రేకులు కప్పే పనిలో దిగాను. ముప్పై ఏళ్ళకు పైగా అదే పని. పవర్‌లూమ్ షెడ్లు, పత్తి గోదాములు, కోళ్ళ ఫారాలు, మనుషులు కాపురముండే ఇళ్ళు. ఈ చుట్టుపక్కల నేను రేకు వేయని ఊరు లేదని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడా మాట అనను.

నాకు వచ్చిన జబ్బు మీసోథీలియోమా. ఆ పేరుకు నోరు తిరగడానికే నెల పట్టింది. ఊపిరితిత్తి మీద పల్చటి పొర ఒకటి ఉంటుందట, దానికి పట్టే క్యాన్సర్ ఇది. తగ్గే జబ్బు కాదు. చివరికి అంతా బాగైందనే మాట కోసం చదివేవాళ్ళు ఉంటే ఇక్కడే ఆగిపోవడం మంచిది. అయితే అన్నిటికన్నా గడ్డు రోజులు ఇప్పటికి దాటాయి. కూర్చుని రాయగలుగుతున్నాను. నాలుగు వరుసలు రాసి ఆగుతున్నాను, మళ్ళీ రాస్తున్నాను.

పోయిన ఎండాకాలం

ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక మిర్చి గోదాము మీద పగిలిన రేకులు మారుస్తున్నాం. నిచ్చెన సగం ఎక్కేసరికి ఊపిరి అందలేదు. నిచ్చెనను కౌగిలించుకుని అలాగే నిలబడ్డాను. కింద నుంచి ఐలయ్య నవ్వాడు. అతను నాతో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నవాడు.

"ఏందన్నా, ముసలోనివైనవా? దిగు, నేనెక్కుత."

"మిర్చి ఘాటురా" అన్నాను.

నిజంగానే అలా అనుకున్నాను. ఆ మార్కెట్లో అందరూ దగ్గుతారు. కూలీలు దగ్గుతారు, కమీషన్ ఏజెంట్లు దగ్గుతారు, టీ అమ్మేవాడు దగ్గుతాడు. అక్కడ ఒకడు ఎక్కువ దగ్గితే ఎవరికి పట్టింపు? తర్వాత కుడి పక్కటెముకల కింద నొప్పి మొదలైంది. ఎవరో మోకాలు పెట్టి నొక్కుతున్నట్టు ఉండేది. ఆ పక్కకు ఒత్తిగిల్లి పడుకోలేకపోయాను.

ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తి చుట్టూ నీరు కనిపించింది. టీబీ అన్నారు. ఏం పని చేస్తావని డాక్టర్ అడిగితే మేస్త్రీనని చెప్పాను. మా ఇంటి పని అడిగితే నేత పని అన్నాను. మా నాన్న కూడా దగ్గి దగ్గి పోయాడని స్వరూప పక్కనుంచి చెప్పింది. స్వరూప నా భార్య. డాక్టర్ తలూపి టీబీ గోలీలు రాశాడు. ఆయన్ని తప్పుపట్టను. మా దిక్కు నీరు చేరిన ఊపిరితిత్తిని చూస్తే ఎవరైనా ముందు అదే అనుకుంటారు. రేకుల మాట ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. రేకుకూ రోగానికీ సంబంధం ఉంటుందని నాకు మాత్రం ఎట్లా తెలుసు?

నాలుగు నెలలు ఆ గోలీలు మింగాను. మూత్రం ఎర్రగా వచ్చేది, అన్నం చూస్తే వాంతి వచ్చేది, నొప్పి మాత్రం రవ్వంత తగ్గలేదు. నీరు తీయించుకున్న వారానికే మళ్ళీ చేరేది. పదమూడు కిలోలు తగ్గాను. నాకు నయమైతే మేడారం జాతరలో నా ఎత్తు బెల్లం ఇస్తానని స్వరూప మొక్కుకుంది.

"మంచి పని చేసినవ్" అన్నాను. "ఇట్లనే ఇంకో రెండు నెలలు ఆగు, చారెడు బెల్లంతోని మొక్కు తీరుతది."

ఆమె నవ్వలేదు. కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళింది.

దసరా తర్వాత

మూడోసారి తీసిన నీరు ఎర్రగా వచ్చింది. అప్పుడు ఇక్కడి పెద్ద దవాఖానలో పక్కటెముకల మధ్య నుంచి గొట్టం వేసి, ఆ పొర నుంచి చిన్న ముక్క తీశారు. ఆ ముక్కను పరీక్షకు పంపి పద్దెనిమిది రోజులు మమ్మల్ని తిప్పారు. ఆ వరండాలో సిమెంటు బల్లలు ఉన్నాయి. ఏ బల్ల మీద ఎండ ఎప్పుడు పడుతుందో నాకు కంఠతా వచ్చేసింది. పక్కన కూర్చున్నవాళ్ళు రోజుకొకరు మారేవారు, ఒక్కొక్కరు మరుసటి రోజు కనిపించేవారు కాదు. ఎందుకు రాలేదో అడగాలంటే భయం వేసేది.

రిపోర్ట్ వచ్చిన రోజు డాక్టర్ నన్ను కాకుండా శిరీషను లోపలికి పిలిచాడు. బయటికి వచ్చినప్పుడు దాని మొహం చూశాను. నా చేయి పట్టుకుని, "బాపూ, నువ్వు రేకులు దేంతోని కోసేటోనివి?" అని అడిగింది.

"ముందుగాల రంపంతోని. తర్వాత కట్టింగ్ మిషన్ వచ్చింది. ఎందుకే?"

దుమ్ము వల్ల అని చెప్పింది. ఆ రేకుల్లో ఆస్‌బెస్టాస్ అనే పీచు ఉంటుందట. కంటికి కనపడనంత సన్నటి పీచు ఊపిరితో లోపలికి పోయి ఇరవై, ముప్పై ఏళ్ళు ఊరికే కూర్చుని, ఆ తర్వాత లేస్తుందట. మిషన్ పెట్టి రేకు కోస్తుంటే మా చుట్టూ తెల్లగా లేచే దుమ్ము గుర్తొచ్చింది. దాంట్లోనే కూర్చుని సద్దులు తిన్నాం. మూతికి రుమాలు కట్టుకున్నవాణ్ణి పెండ్లికొడుకు అని ఎగతాళి చేశాం. అలా చేసింది ఎక్కువగా నేనే.

కార్తీకం

వరంగల్ డాక్టరే ఆ మాట చెప్పాడు. హైదరాబాద్‌లో ఒక పెద్ద సర్కారు దవాఖానలో ఈ జబ్బు మీద పరిశోధన జరుగుతోందని, కేంద్ర ప్రభుత్వం డబ్బు పెడుతోందని, కొందరు రోగులకు మామూలు కీమోతో పాటు కొత్త మందు ఇచ్చి చూస్తున్నారని. దాన్ని ట్రయల్ అంటారు. అందులో చేరాలంటే అప్పటిదాకా కీమో ఎక్కించుకుని ఉండకూడదు. అంటే నాకు కావలసిన మందు కళ్ళ ముందే ఉన్నా ముట్టకుండా ఆగాలి.

సంగతి తెలిసి ఐలయ్య ఇంటికి వచ్చాడు. "సర్కారోళ్ళు పుణ్యానికి మందిస్తరా అన్నా? నిన్ను ఎలుక లెక్క వాడుకుంటరు."

"ఎలుకకన్న మందు దొరుకుతది గద" అన్నాను.

హైదరాబాద్‌లో ట్రయల్ పనులు చూసే అమ్మాయి పేరు సుజాత. మొదటి రోజు నేను మెట్ల దగ్గర ఆయాసపడుతుంటే తన కుర్చీ తెచ్చి వేసింది. కాగితాలన్నీ చూసి ఒక్కటే అడిగింది: "వరంగల్‌లో మీకు తీసిన ముక్క ఉంటదన్నా, మైనంలో పెట్టి. ఆ దిమ్మ తేవాలె. దాన్ని ఢిల్లీ ల్యాబుకు పంపి, ఇదే జబ్బని ఖాయం చేసుకున్నంకనే మిమ్మల్ని చేర్చుకునేది. చేరికలు ఇంకొన్ని వారాలల్ల బంద్ అయితయి. జర తొందరగ తెండి."

ఉత్తరం పట్టుకుని వరంగల్ ల్యాబు చుట్టూ మూడు రోజులు తిరిగితే దిమ్మ చేతికి వచ్చింది. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. ప్లాస్టిక్ జాలీ మీద తెల్లటి మైనం, మైనం మధ్యలో గోధుమ రంగు మచ్చ. ఆ ముక్కనే పల్చగా కోసి అంటించిన గాజు పలకలు రెండు వేరే కవర్లో ఇచ్చారు. శుక్రవారం తెచ్చాను, సోమవారం పొద్దున రైలుకు హైదరాబాద్ పోవాలి. ఇంట్లో విలువైన వస్తువు ఏదైనా మేం దేవుని గూట్లోనే పెడతాం. ఇంటి కాగితాలు అక్కడే ఉంటాయి, స్వరూప పుస్తెలు తాకట్టు నుంచి విడిపించినప్పుడు కూడా అక్కడే పెట్టాం. నేను దిమ్మను కూడా తీసుకెళ్ళి పటాల ముందు పెట్టాను.

"ఏందది?" అని అడిగింది స్వరూప.

"నా ఊపిరితిత్తి ముక్క."

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. "దేవుని కాడ పెడ్తరా దాన్ని? మైల కాదా? కార్తీకమాసం, రెండు పూటలా దీపం ముట్టిస్తాన నేను. తీసి బయట పెట్టు."

"బయట పెడితే పిల్లి గుంజుకపోతది. సోమారం దాంక నోరు మూస్కో."

అప్పటికి నాకు ఎవరు ఏం మాట్లాడినా చిరాకే. ఆమె శనివారం మళ్ళీ అడిగింది. కోసి తీసిన రోగం మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకుంటే రోగం ఎట్లా పోతుందని అడిగింది. నేను దుప్పటి ముసుగు తన్ని పడుకున్నాను. ఆదివారం అమావాస్య. పొద్దు గూకే వేళకు నాకు దిష్టి తీసింది. ఉప్పు, ఎండుమిరపకాయలు, నిమ్మకాయ పట్టుకుని మూడుసార్లు తిప్పి, వెనక్కి చూడకుండా మూడు బాటల దగ్గరికి వెళ్ళి పడేసి వచ్చింది. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి దీపం పెట్టింది. ఆ రోజు ఆమె మొహం చాలా రోజుల తర్వాత నిమ్మళంగా ఉంది. నాకూ అది చూసి మంచిగనిపించింది.

సోమవారం తెల్లవారి సంచి సర్దుతూ గూట్లో చేయి పెట్టాను. గాజు పలకల కవరు ఉంది. దిమ్మ లేదు.

"గా ముక్కనా?" అంది స్వరూప, చాయ గిన్నె దించుతూ. "దిష్టితోని తీసి పడేసిన. ఇగ నీకేం కాదు."

హైదరాబాద్‌కు నాతో రావడానికి వచ్చి ఉన్న శిరీష అప్పటికే చెప్పులు లేకుండా బయటికి పరుగెత్తింది. నేను గోడ పట్టుకుంటూ వెనకే పోయాను. మూడు బాటల దగ్గర అప్పుడే ఊడ్చినట్టుంది, చీపురు గీతలు కూడా కనిపిస్తున్నాయి. సందు చివర మున్సిపాలిటీ చెత్త బండి దొరికింది. ఊడ్చే ఆమె మా మాట పూర్తిగా విననే లేదు, నా ఆయాసం చూసి బండి మొత్తం రోడ్డు మీద బోర్లించింది.

"ఎట్లుంటదన్నా?"

"మైనం. అగ్గిపెట్టెల సగం."

ముగ్గురం చేతులతో వెతికాం. నిమ్మకాయలే తొమ్మిది దొరికాయి. ఆదివారం అమావాస్య అంటే మా వాడలో అంతే మరి. కుంకుమ అద్దిన నిమ్మకాయలను పక్కకు నెడుతూ ఆమె చివరిదాకా వెతికింది. తనకు పై అధికారి ఫోన్ చేస్తుంటే ఎత్తలేదు. మైనం దొరకలేదు. కుక్క ఎత్తుకుపోయిందో, ఏ లారీ టైరుకు అంటుకుపోయిందో, ఇప్పటికీ తెలియదు.

ఇంటికి వచ్చి గడపలో నిలబడి స్వరూపతో అన్నాను. ఈ మాట రాయనా వద్దా అని రెండు రోజులు ఆగాను, రాస్తున్నాను. "నీ చేతులతోనే నన్ను చంపినవ్" అన్నాను. ఇంకా కొన్ని మాటలు అన్నాను, వాటిని శిరీష చదువుతుంది కాబట్టి రాయను. ఆ రోజు నుంచి నేను స్వరూపతో మాట్లాడటం మానేశాను.

మార్గశిరం, పుష్యం

దిమ్మ పోయిందని చెప్పడానికి ఆ వారంలోనే హైదరాబాద్ వెళ్ళాం. శిరీషే చెప్పింది, నేను నేల చూస్తూ కూర్చున్నాను. ట్రయల్ నడిపే డాక్టరమ్మ చిన్న వయసు మనిషే. దిమ్మ లేకుండా చేర్చుకోలేమని, గాజు పలకలతో పని కాదని చెప్పింది. రెండే దారులున్నాయట. ట్రయల్ మాట మరిచిపోయి వెంటనే మామూలు కీమో మొదలుపెట్టడం ఒకటి. లేదా మళ్ళీ గొట్టం వేసి ఇంకో ముక్క తీయడం, అది ఢిల్లీ పోయి వచ్చేదాకా ఏ మందూ లేకుండా ఉండటం.

"ఆగితే ఏమైతది?" అని అడిగాను.

"పెరగొచ్చు. ఎంత పెరుగుతదో నేను చెప్పలేను."

మళ్ళీ ముక్క తీయమన్నాను. కొత్త మందు ఒక్కటే నన్ను నిలబెడుతుందని నా మనసులో గట్టిగా పడిపోయింది. అందులో చేరకపోతే చచ్చినట్టే అనుకున్నాను.

రెండోసారి మొదటిసారి కన్నా చాలా కష్టమైంది. పొర దళసరి ఎక్కి, గొట్టం తేలిగ్గా దిగలేదు. ఆ నొప్పి గురించి ఇంతకన్నా రాయను. గొట్టం పక్కలో ఉంచుకుని తొమ్మిది రోజులు వార్డులో ఉన్నాను. శిరీషకు బడి ఉంది. తోడు స్వరూపే వచ్చింది. నా మంచం కింద చాప వేసుకుని ఉండేది. నేను గోడ వైపు తిరిగి ఉండేవాణ్ణి. మంచానికీ చాపకూ మూరెడు దూరం. అయినా ఆమె హన్మకొండకు ఫోన్ చేసి, "మీ బాపును జర జావ తాగమను బిడ్డా" అనేది. శిరీష నాకు ఫోన్ చేసి, "జావ తాగు బాపూ" అనేది. నేను "తాగుత" అనేవాణ్ణి. స్వరూప లేచి గ్లాసు చేతికిచ్చేది.

పక్క మంచం ముసలాయనకు తోడొచ్చిన ఆడమనిషి ఒకరోజు నా మొహం మీదే అడిగేసింది. "ఏందన్నా, ఆ అక్కతోని ఒక్క మాట మాట్లాడవు? నీ గిన్నెలు, నీ బట్టలు, నీ గలీజు అన్నీ ఎత్తిపోస్తాంది." నేను కళ్ళు మూసుకున్నాను. కోపం నాకు అప్పుడు ఒక ఊతకర్రలా ఉండేది, దాన్ని వదిలితే పడిపోతానని భయం.

మూడు వారాలకు ఢిల్లీ నుంచి జవాబు వచ్చింది. జబ్బు అదే. చేరికలు ఇంకా మూయలేదు. నన్ను తీసుకున్నారు.

చేరిన రోజు సుజాత కాగితాలన్నీ చదివి వినిపించింది. పదకొండు పేజీల తెలుగు. అలాంటి తెలుగు నేను ఎక్కడా వినలేదు, శిరీషకే సగం అర్థం కాలేదు. సుజాత కాగితం పక్కన పెట్టి మామూలుగా చెప్పింది. రోగుల్ని రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకు మామూలు కీమో, ఇంకో గుంపుకు దాంతో పాటు కొత్త మందు. ఎవరు ఏ గుంపో కంప్యూటర్ తేలుస్తుంది, డాక్టర్ చేతిలో కూడా లేదు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. నేను అన్నిటికీ తలూపి సంతకాలు పెట్టాను. కంప్యూటర్ నాకు కొత్త మందే ఇస్తుందని నాకెందుకో నమ్మకం.

తర్వాత ఇంకో ఫారం తీసింది. నా పని గురించి ప్రశ్నలు. ఏ ఏడు నుంచి, ఏ రకం రేకులు, దేనితో కోశారు, మూతికి ఏం కట్టుకున్నారు. చెబుతూ పోయాను. స్వరూప పక్క కుర్చీలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"పని బట్టలు ఎక్కడ మార్చుకునేటోళ్ళు?"

"ఇంట్లనే."

"ఇంట్ల ఆ బట్టలు ఎవరు ఉతికేది?"

"నేనే" అంది స్వరూప. దవాఖానలో ఎవరో తనను పట్టించుకుని ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి. కొంచెం ముందుకు జరిగి కూర్చుంది.

"ఉతికే ముందు దులిపేటోళ్ళా అక్కా?"

"దులపకపోతే సబ్బు పడ్తదా బిడ్డా? గోడకేసి కొట్టి కొట్టి దులిపేదాన్ని. పిండి లెక్క లేచేది. నెత్తంత తెల్లగయ్యేది."

"ఎన్నేండ్లు?"

"పెండ్లయిన కాడికెల్లి. ఇరవై ఏడేండ్లు."

సుజాత రాయడం ఆపింది. తర్వాత లేచి డాక్టరమ్మ గదిలోకి వెళ్ళి వచ్చింది. ఈ పరిశోధనలోనే ఇంట్లోవాళ్ళను చూసే భాగం కూడా ఉందని, అక్కకు కూడా ఒక స్కాన్ తీద్దామని చెప్పింది.

"నాకెందుకమ్మా? నాకు దగ్గు లేదు, దమ్ము లేదు. నేను ఈయన వెంబడి వచ్చిన."

"తీపిచ్చుకో" అన్నాను.

నలభై రోజుల తర్వాత ఆమెతో నేను నేరుగా అన్న మొదటి మాట అది. ఆమె స్కాన్‌కు మూడు వారాల తర్వాత రోజు రాసిచ్చారు.

ఆ సాయంత్రమే కంప్యూటర్ తేల్చింది. నాది మామూలు కీమో గుంపు.

ఉగాది ముందు

ఈ మందు కోసమా నేను రెండోసారి కోయించుకున్నది? ఇది వరంగల్‌లో కార్తీకంలోనే ఎక్కించేవాళ్ళు కదా. ఇంటికి రెండు కిలోమీటర్ల దూరంలో, రైలు ఎక్కకుండా. మొదటి విడత కీమో ఎక్కుతున్నంతసేపు నా తలలో ఇదొక్కటే తిరిగింది. రెండో విడతకు నోరంతా పుండ్లు పడి, నీళ్ళు మింగితే కళ్ళలో నీళ్ళు వచ్చేవి. వెంట్రుకలు ఊడితే ఊడనీ, అవి ముందే తక్కువ. కానీ ప్రతిసారీ వాళ్ళు పరిశోధన కోసమని మామూలు కన్నా ఎక్కువ రక్తం తీసుకునేవాళ్ళు. నాకు కొత్త మందు ఇవ్వనివాళ్ళకు నా రక్తం ఎందుకివ్వాలి?

డాక్టరమ్మను అడిగేశాను. "కొత్త మందు ఇయ్యనప్పుడు నన్నెందుకు తిప్పుతాన్రు?"

"రెండు గుంపులు ఉంటేనే కొత్త మందు పనిచేస్తుందా లేదా తెలిసేది. అది ఉత్త నీళ్ళ లెక్క కూడా కావచ్చు, నాకూ తెలియదు. రెండు గుంపులనూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. మీ తర్వాత వచ్చేవాళ్ళకు ఉపయోగపడుతుంది."

"నా తర్వాత వచ్చేటోళ్ళతోని నాకేం పని డాక్టరమ్మా?"

ఆమెకు కోపం రాలేదు. అడగడం మీ హక్కు అంది. నేను బయటికి వచ్చి సుజాతతో ట్రయల్ మానేస్తానని, మిగతా కీమో వరంగల్‌లో ఎక్కించుకుంటానని చెప్పాను. ఆమె బతిమాలలేదు. వచ్చే విడతకు వచ్చినప్పుడు మానుకునే కాగితం తయారుగా ఉంచుతానని, సంతకం పెట్టి పోవచ్చని చెప్పింది. అదే రోజు స్వరూప స్కాన్ ఫలితం కూడా చెబుతారు. నాకది పెద్దగా గుర్తు కూడా లేదు.

ఆ రోజు రాసే ముందు రేకుల పని చేసేవాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. ఆ రేకులు ఇప్పటికీ అమ్ముతున్నారు, ఇప్పటికీ కోస్తున్నారు. పొడిగా కోయకండి, నీళ్ళు పోసి తడిపి కోయండి. మిషన్ వద్దు, చేతి రంపం వాడండి. పని బట్టలు పని దగ్గరే విడిచి, నీళ్ళలో ముంచి, తడి సంచిలో పెట్టి ఇంటికి తీసుకెళ్ళండి. ఎవరూ వాటిని దులపకూడదు. పిల్లలు ఎత్తుకోమంటే స్నానం చేసిన తర్వాతే ఎత్తుకోండి. డాక్టర్ దగ్గరికి పోతే మేస్త్రీనని చెప్పి ఊరుకోకండి, సిమెంటు రేకులు కోసే పని అని విడమరిచి చెప్పండి. ఐలయ్య ఇప్పుడు బకెట్ లేకుండా గోదాము ఎక్కడం లేదు. వాడికీ ఎక్స్‌రే తీయించాను.

ఇక ఆ రోజు. డాక్టరమ్మ స్వరూప ఫిల్మును లైటు మీద పెట్టింది. ఊపిరితిత్తి అంచుల్లో తెల్లటి పెళ్ళలు, సున్నం గోడకు అంటుకున్నట్టు, అక్కడక్కడా ఉన్నాయి.

"ఇది క్యాన్సర్ కాదు" అని ముందే చెప్పింది. "దుమ్ము లోపలికి పోయి పొర మీద వదిలిన గుర్తులు ఇవి. జబ్బు రావచ్చు, రాకపోనూ వచ్చు. పదేళ్ళకు రావచ్చు, ఇరవై ఏళ్ళకు రావచ్చు. ఏడాదికోసారి వచ్చి చూపించుకోవాలె. వాటిని తీసే మందు మాత్రం లేదు."

ఇరవై ఏడేళ్ళు ఆ దుమ్మును ఒంటి మీద మోసుకొచ్చి రోజూ ఈమె చేతుల్లో పెట్టాను. పైగా నీ చేతులతో నన్ను చంపావని ఈమెనే అన్నాను. సిగ్గుతో ఏడ్చాను, దాచుకోలేదు.

స్వరూప ఏడవలేదు. ఫిల్మును చాలాసేపు చూసింది. తర్వాత డాక్టరమ్మను అడిగింది. "నాకు వస్తే, ఈయనకు ఎక్కిస్తానరు గదా, గదే మందా అమ్మా నాక్కూడ?"

"అప్పటికి ఏ మందు మంచిదో తెలిసి ఉంటుందక్కా" అంది డాక్టరమ్మ. "ఇప్పుడు ఈ రోగులందరి నుంచి తెలుసుకుంటున్నది అదే."

బయట సుజాత బల్ల మీద మానుకునే కాగితం ఉంది. నా పేరు, నంబరు రాసి, సంతకం చోట చిన్న గుర్తు పెట్టి ఉంచింది. పక్కనే రక్తం తీసే గొట్టాలు ఉన్నాయి. నేను కాగితాన్ని అటు జరిపి, చొక్కా చేయి పైకి మడిచి బల్ల మీద పెట్టాను.

"సంతకం పెట్టరా అన్నా?"

"లేదు."

ఆమె కాగితం మడిచి సొరుగులో వేసింది. మామూలు పరీక్షలకు రెండు గొట్టాలు నింపి, మూడోది చేతిలో పట్టుకుని ఆగింది. "ఇది పరిశోధనకు. మీ ఇష్టమైతేనే."

స్వరూప నా పక్కన నిలబడి ఉంది. ఆమె చేతిలో తన పేరు రాసిన కొత్త ఫైలు ఉంది.

"తీస్కో మేడం" అన్నాను. "ఎంత కావాల్నో అంత తీస్కో."